తలుపు దగ్గరి స్టూలు

మా కాలేజీ ఆయమ్మ పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికే నాలుగు రోజులైంది. ఇరవై ఏళ్లకు పైగా ఆమె కడిగిన కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఆ సంగతి గురించి ఒక్క ముక్క లేదు. ప్రిన్సిపాల్ గారి రిటైర్మెంటుకు మాత్రం నలభై ఫొటోలు.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెత్తుతున్న రోజులవి. విజయనగరం నుంచి వచ్చి కార్ఖానా అనే బస్తీలో ఉండేవాళ్లం. నేను రాంగోపాల్‌పేట్‌లో ఎంసీఏ చదువుతున్నాను. నాకు పెద్దపేగులో పుండ్లు. రోజుకు పదిసార్లు, రక్తంతో. అమ్మాయిల బాత్రూంకి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఆఫీసు సూపరింటెండెంట్ బల్ల మీద. అడగడానికి వెళ్తే, "మళ్లీనా? ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అనేవాడు. గది నిండా నవ్వు. కాలేజీ ఉన్న రోజుల్లో తినడమే మానేశాను.

అది కనిపెట్టింది ఆయమ్మ ఒక్కతే. స్టాఫ్ బాత్రూం తాళం తీసి, "పో బిడ్డా, నిమ్మళంగ కూసో. కడిగేది నేనైతే మాలిక్ ఇంకెవరు?" అంది. గుమ్మానికి అడ్డంగా చీపురు పెట్టి, బయట స్టూలేసుకుని కూర్చునేది. లెక్చరర్లు వస్తే, "కడుగుతున్న, ఆగున్రి" అని నిబ్బరంగా అబద్ధమాడేది.

చివరి పరీక్షలో, బయటికి వెళ్తే మళ్లీ రానివ్వం అన్నారు ఇన్విజిలేటర్ సార్. బెంచీ అంచు పట్టుకుని బిగబట్టుకున్నాను. మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చిన ఆయమ్మ నన్ను చూసింది.

"జెర ఇడువున్రి సార్. నేను ఎంబడి పోత. చిట్టీ దొరికితే నా కొలువు తీసెయ్యున్రి."

"నీకెందుకు?"

"మీ బిడ్డకు గీ తక్లీఫ్ ఉంటే గిట్లనే కూసోవెడ్తరా?"

వదిలారు. నేను పాసయ్యాను. ఎదురు మాట్లాడిందని ఆమెను వారం తిరక్కుండా వెనక షెడ్డుకు మార్చారు.

నేను నోరు మెదపలేదు. సర్టిఫికెట్ ఆపేస్తారని భయపడ్డాననే ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. భయమేనా, నా జబ్బు నలుగురిలో చెప్పాల్సొస్తుందని సిగ్గా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమెకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "సిగ్గు తాళమేసినోళ్లకు ఉండాలె బిడ్డా" అనేది.

నిన్న బోయిగూడలో ఆయమ్మ ఇంటికి వెళ్లాను. కూతురు నన్నెప్పుడూ చూడలేదు. పేరు చెప్పగానే, కూర్చోమని కూడా అనకుండా లేచి వెనక తలుపు తీసింది.

"అక్కా, బాత్రూం ఇటుంది. అమ్మ చెప్పింది."

అవసరం లేకపోయినా వెళ్లాను. గడియ పెట్టుకున్నాక బయట స్టూలు లాగిన చప్పుడైంది. ఎవరివో అడుగులు దగ్గరకొచ్చాయి.

"ఆగున్రి," అంది కూతురు.