స్విచ్‌కు పెట్టిన బొట్టు

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరో ఏట. నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో గచ్చు తుడిచేదాన్ని. అక్కడి నర్సమ్మ ఖాళీ మందుల అట్టల మీద రాసి చూపిస్తే, వాటి మీదే దిద్దాను. రెండేళ్లకు తెలుగు గడగడా చదివేశాను, ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. అది చూసి మా మేనేజరు, "దసరా వెళ్లాక ఒకటో తారీఖు నుంచి ఫోన్ల దగ్గర కూర్చో" అన్నారు. ఆ కుర్చీకి చక్రాలుండేవి. ఆ గది తుడిచేటప్పుడు ఎవరూ లేకపోతే ఒకసారి కూర్చుని లేచేదాన్ని.

ఆ రోజుల్లోనే ఆసుపత్రికి కొత్త ఫోన్లు వచ్చాయి. గోడలోంచి వచ్చిన తీగ ఫోన్‌లోకి, ఫోన్‌లోంచి ఇంకో తీగ కంప్యూటర్‌లోకి. అన్ని గదుల తీగలూ మెట్ల కింద అలమరలోని ఇనప పెట్టెలోకి చేరతాయి. దాన్ని స్విచ్ అంటారు, లైటు వేసేది కాదు. దానికి రెండు వరసల్లో ఇరవై నాలుగు కన్నాలు. ఒక్కో కన్నం ఒక పోర్టు. రొంపిచెర్ల నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి స్కూటీ మీద మూడు రోజులు వచ్చి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో కొట్టి, అన్నీ మోగేలా చేసి వెళ్లింది. ఆమె ఒంటరిగా చేసిన మొదటి పని అదేనట.

దసరాకు మా ఆసుపత్రిలో ఆయుధపూజ ఘనంగా చేస్తాం. ఎక్స్‌రే మిషనుకు పూలదండ, అంబులెన్సుకు నిమ్మకాయలు, బీపీ చూసే పెట్టెకు కూడా పసుపు కుంకుమ. ముందురోజు అన్నీ తుడవడం నా పని. స్విచ్ మీద చూస్తే అప్పుడే దుమ్ము పేరుకుంది. తీగలుంటే గుడ్డ ఆడదు. అన్నీ పీకేసి, శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ గుచ్చాను. అప్పటిదాకా చిందరవందరగా ఉండేవి. పొట్టి తీగలు పైవరసలో, పొడుగు తీగలు కిందివరసలో సర్దాను. పచ్చ దీపాలు మిణుకుమన్నాయి. నా పనికి నేనే మురిసిపోయాను.

పూజలో ఉన్నాయని పండగ నాడు ఫోన్లు ఎవరూ ముట్టలేదు. మర్నాడు ఎత్తి చూస్తే సగం మూగబోయాయి. కంప్యూటర్లన్నీ బాగానే ఉన్నాయి. మేనేజరు సెల్లులో ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డారు. "పని రాని మనిషిని ఎందుకు పంపారని మీ కంపెనీవాళ్లనే అడుగుతా!"

ఆ తీగలు పీకి గుచ్చింది నేను. నోరు విప్పితే కుర్చీ పోతుంది. విప్పకపోతే ఆ పిల్ల పని పోతుంది. బకెట్టు పట్టుకుని మెట్ల దగ్గరే తచ్చాడాను.

ఆమె వచ్చి అలమర తీసింది. కాసేపు చూసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"పిన్నీ, స్విచ్‌కి బొట్టు పెట్టిందెవరు?"

"నేనేనమ్మా."

"తీగలు కూడా చానా అందంగా సర్దావే! జడలేసినట్టుంది."

వెనక మేనేజరు వచ్చి నిలబడ్డారు. "ఏందమ్మా, ఏమైంది?"

ఆ అమ్మాయి నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "చూస్తున్నా సార్" అంది, అంతే. నా పేరు ఎత్తలేదు. అదే నన్ను పొడిచింది.

"తీగలు పీకింది నేను సార్. తుడుద్దామని పీకా. ఆ పిల్ల తప్పేం లేదు" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "కుర్చీ సంగతి ఇక నా దగ్గర ఎత్తమాక" అని వెళ్లిపోయారు.

బకెట్టు పక్కన పెట్టి కూలబడ్డాను. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదే, ఏ కన్నమైతే ఏంది?" అన్నాను ఏడుపు గొంతుతో.

"పైకి ఒకటే పిన్నీ. పన్నెండో కన్నం దాకా ఫోనుకి ఓ దారి, కంప్యూటర్‌కి ఓ దారి అని స్విచ్‌కి చెప్పిపెట్టా. తర్వాతవాటికి కంప్యూటర్ దారొక్కటే. రోడ్డు మీద రాళ్ల లారీలుంటయ్, అంబులెన్సు ఉంటది. మాట అంబులెన్సు లాంటిది, ఆగితే తెగిపోద్ది. దానికి వేరే దారియ్యాల. నువ్వు సగం ఫోన్లని లారీల దారిలో దింపావ్."

"మళ్లీ పీకనా?"

"అమ్మ తల్లే, ముట్టుకోమాక! తీగని కదిలించను, పోర్టుకే కొత్తగా చెప్తా. కానీ ఏది ఏ గదిదో తెలియాలి. గదికి పోయి ఫోన్ తీగ తీసి కేకెయ్. ఇక్కడ ఏ దీపం ఆరితే అది."

నేను మేడంతా తిరిగాను. "కాన్పుల గది!" అని అరిస్తే కింద నుంచి "పదిహేడు!" అని వచ్చేది. "మందుల కొట్టు!" "ఇరవై ఒకటి!" కట్లు కట్టించుకుంటున్న ముసలాయన, "ఏమే, తంబోలా ఆడుతున్నారా?" అన్నాడు. ప్రతిసారీ దిగి వచ్చి, పుండ్లకు వేసే తెల్ల ప్లాస్టరు ముక్క మీద గది పేరు తెలుగులో రాసి తీగకు చుట్టాను. ఆమె ఒక్కో పోర్టుకు రెండు మూడు లైన్లు కొట్టింది. మధ్యాహ్నానికి ఒక్కో గదిలో ఫోన్ మోగింది.

వెళ్తూ ఆమె మేనేజరుతో, "ఏ తీగ ఏ గదిదో ఇప్పుడు తెలిసింది పిన్నికే సార్" అంది. ఆయన వినిపించుకోనట్టే ఉన్నారు.

ఒకటో తారీఖున నేను గచ్చే తుడిచాను. ఆ నెలంతా తుడిచాను. పై నెల మొదట్లో ఆయన పిలిచి, ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. ఇదివరకైతే వేలిముద్ర వేసి వచ్చేసేదాన్ని. నిలబడి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నారు. మెట్ల కింది అలమర తెరవనని, ఏ తీగనూ తీయనని, "ఆయుధపూజ నాడు సైతం" అని రాసి ఉంది.

"సైతం అంటే?" అన్నాను.

"కూడా అని. సంతకం పెట్టు, అవతల ఫోన్ మోగుతోంది."

పెట్టి, వెళ్లి చక్రాల కుర్చీలో కూర్చుని ఫోన్ ఎత్తాను.