వద్దన్నవారి జాబితా

నేను అనంతగిరిలో ఉద్యోగానికి చేరిన ఏడాది కొండల్లో వానలు ఒక పట్టాన తగ్గలేదు. ఆఫీసంటే ఘాట్ రోడ్డు పక్కన రెండు గదులు. ముందు గదిలో కాఫీ దుకాణం. వెనక గదిలో నేనూ, ఒక కంప్యూటరూ, కిటికీలోంచి లోపలికొచ్చి పోయే మంచూ. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. చుట్టుపక్కల గిరిజన రైతులు కలిసి పెట్టుకున్న కాఫీ సంఘం అది. అరకు వెళ్ళే టూరిస్టులు కార్లు ఆపి, కాఫీ తాగి, పొడో మిరియాలో కొనుక్కుని, బల్ల మీది పుస్తకంలో పేరూ మెయిల్ ఐడీ రాసి వెళ్ళేవారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అందరికీ మెయిల్ పంపడం నా పని.

నాకు చిన్నప్పట్నుంచీ కుదురు తక్కువ. మా అమ్మ కాలుగాలిన పిల్లి అనేది. ఈ ఉద్యోగం దానికి తోడైంది. ఫోను లైను మీద ఇంటర్నెట్టు. నాలుగు మెయిళ్ళు వెళ్ళేసరికి లైను తెగేది. లేచి వరండాలోకి వెళ్ళి, వాన చూసి, వచ్చి మళ్ళీ కలిపేదాన్ని. కలిసేలోపు కరెంటు పోయేది. సాయంత్రానికి ఏం చేశానో తెలిసేది కాదు గానీ ఒళ్ళంతా నొప్పులు.

మా మేనేజరు విజయనగరం నుంచి వచ్చిన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. నిఖార్సయిన మనిషి. రైతుల కాఫీకి మంచి ధర రావాలని ఆయన పడే తపన నేను కళ్ళారా చూశాను. అయితే జాబితా ఎంత పెరిగితే అమ్మకం అంత పెరుగుతుందని ఆయన నమ్మకం. హైదరాబాదు ఎగ్జిబిషన్లో పోగుచేసిన విజిటింగ్ కార్డులు, తెలిసిన ట్రావెల్స్ ఆసామి మెయిల్ ఐడీలు నింపి ఇచ్చిన సీడీ, అన్నీ అందులో కలిపేసి ఉంచారు నేను వచ్చేసరికే.

"ఒకసారి మన దగ్గరికి వచ్చాక వాళ్ళు మనవాళ్ళే కదమ్మాయ్," అనేవారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం విశాఖపట్నం బస్సు దిగి ఒకాయన గొడుగుతో లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కాఫీ వద్దన్నాడు. "ఇక్కణ్ణుంచి మెయిళ్ళు పంపేది ఎవరండీ?" అని అడిగాడు. ఆర్డరు ఇవ్వడానికి వచ్చాడనుకుని సంబరంగా లేచాను.

"నేనేనండి."

"మా ఆవిడ పేరు మీద వస్తున్నాయమ్మా. తీసేయండి. ఆవిడ పోయి ఏడాది అవుతోంది."

ఆయనే చెప్పుకుపోయాడు, కోపం లేకుండా. ఆవిడ కాలేజీలో పాఠాలు చెప్పేదట. ఆవిడ మెయిల్ ఆయన ఇంకా మూయలేదు. పాత విద్యార్థులు రాసినవీ, చెల్లెళ్ళు రాసినవీ అందులోనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే తెరిచి చూస్తాడు.

"కొత్తది వస్తే పైన లావు అక్షరాల్తో కనపడుతుంది కదా. ఒక్క క్షణం ఏదో అనిపిస్తుందమ్మా. చూస్తే మీదే. మళ్ళీ రండి, మీకోసం ఎదురుచూస్తున్నాం అని. వద్దని మూడు నాలుగుసార్లు జవాబు రాశాను. ఎవరూ చూసినట్టు లేదు."

"ఇప్పుడే మీ ముందే తీసేస్తానండి," అన్నాను. కంప్యూటరు వైపు తిరిగేసరికి కరెంటు పోయింది.

ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. "వచ్చేదాకా కూర్చుంటాను," అన్నాడు. బయట వాన కుండపోతగా కురుస్తోంది. నేను కూర్చుంటాను, లేస్తాను, స్విచ్చి నొక్కి చూస్తాను, కిటికీ వేస్తాను, తీస్తాను. దుకాణం చూసుకునే అప్ప లోపలికి తొంగి చూసింది. దగ్గర్లోని గూడెం మనిషి ఆమె. కాఫీ గింజలు వేయించేదీ, కాచి పోసేదీ ఆమే.

"ఏటయ్యింది పాపా?" అంది నాతో. చెవిలో చెప్పాను. ఆమె వెళ్ళి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, గ్లాసుతో కాఫీ తెచ్చి ఆయన ముందుంచింది. "తాగు బాబూ. బేగి రాదు కరెంటు," అంది. వద్దన్నవాడే తాగాడు. ఆవిడా తనూ వచ్చినప్పుడు ఎండగా ఉందనీ, కొండ మీద వలిసె పూలు పూసి ఉన్నాయనీ, కారెక్కబోతూ ఆవిడ వెనక్కి వచ్చి మిరియాలు కొందనీ చెప్పాడు. అప్ప గుమ్మంలో కూర్చుని వింది. నేను నిలబడే విన్నాను.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆవిడ పేరు వెతికి, ఆ వరుస మొత్తం తీసేశాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతేనండి."

కాసేపు తెర వంకే చూసి, గొడుగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

అంతే కాదని మర్నాడు తెలిసింది. ఎందుకో మనసాగక మిగతా ఫైళ్ళు తెరిచి వెతికాను. అదే పేరు ఇంకో రెండు చోట్ల ఉంది. మేనేజరు గారు పాతవి, కొత్తవి కలిపినప్పుడల్లా కాపీలు చేయించి పెట్టారు. వాటిలో ఏది మళ్ళీ కలిపినా ఆవిడ తిరిగి జాబితాలోకి వచ్చేస్తుంది. అన్నిట్లోంచీ తీసేశాను. అప్పటికీ భయం పోలేదు. చివరికి వేరే ఫైలు ఒకటి తెరిచి, దానికి వద్దన్నవారు అని పేరు పెట్టి, మొదటి వరుసలో ఆవిడ ఐడీనే రాశాను. ఇకమీదట పంపే ముందు ప్రతిసారీ ఇది చూసుకోవాలి. ఆవిడకి ఎప్పటికీ రాయకుండా ఉండాలంటే ఆవిడ పేరు దాచుకోక తప్పదు. ఆ సంగతి నన్ను చాలా రోజులు తొలిచింది.

మరి ఆయన రాసిన జవాబులు ఏమైనట్టు? మేనేజరు గార్ని అడిగాను.

"జవాబులకి వేరే మెయిల్ ఉందిలే. దాన్లో ఏముంటాయ్, అంతా చెత్త," అంటూనే పాస్‌వర్డ్ ఇచ్చారు.

తెరిచాను. ఆగిపోయిన ఐడీల నుంచి తిరిగొచ్చిన మా మెయిళ్ళే గుట్టలు గుట్టలు. వాటి మధ్యలో మనుషులు. మీరెవరు, నా ఐడీ మీకెవరిచ్చారు అని ఒకరు. దయచేసి ఆపండి అని ఒకరు. ఆపకపోతే కేసు వేస్తానని ఒకరు. పుణె నుంచి ఒకావిడ పెళ్ళికి పంచిపెట్టడానికి కాఫీ ప్యాకెట్లు కావాలని అడిగింది, జవాబు లేకపోతే మళ్ళీ అడిగింది, ఆ తర్వాత అడగలేదు. లైను తెగినప్పుడల్లా కలుపుకుంటూ అన్నీ చదివాను. ఆపమన్నవాళ్ళందరినీ వద్దన్నవారి ఫైల్లో చేర్చాను.

అందరికీ ఒకే ఒక్క మెయిల్ పంపుదామని అడిగాను. మా ఉత్తరాలు కావాలంటే జవాబివ్వండి, ఇవ్వకపోతే ఇంక రాయం అని.

మేనేజరు గారు కళ్ళజోడు తీసి పెట్టేశారు. "వచ్చిన బేరాన్ని పొమ్మంటావా? పంట చేతికొచ్చే ముందా?"

"సగంమంది మన దగ్గరికి రానేలేదు సార్. ఆ సీడీలో వాళ్ళకి అనంతగిరి ఎక్కడుందో కూడా తెలీదు."

"తెలియజెయ్యడానికే కదా పంపేది!"

సంఘం మీటింగులో పెడితే రైతులు కూడా ఆయన వైపే మొగ్గారు. నేను వాళ్ళని తప్పు పట్టలేకపోయాను. దళారీలకి అమ్ముకుని నష్టపోయిన మనుషులు వాళ్ళు. "జనం తగ్గిపోతే మా గింజలు ఎవులు కొంతారు?" అని ఒక పెద్దాయన నన్నే అడిగాడు. తెలీదు తాతా అన్నాను.

కార్తీకంలో, కాఫీ పళ్ళు ఎర్రబడి కోతలు మొదలైనాక, మేనేజరు గారు తనే దగ్గరుండి కొత్త పంట మెయిల్ అందరికీ పంపించారు. వద్దన్నవారి ఫైలు ఒక్కటి మాత్రం పక్కన పెట్టనిచ్చారు. రెండో రోజుకి మా మెయిల్ ఆగిపోయింది. మీ మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి, అందుకని ఖాతా ఆపాం అని మెయిల్ కంపెనీ వాళ్ళ నోటీసు. ఏటేటా మా దగ్గరే కొనే బెంగుళూరు దుకాణాలకి కూడా ఒక్క ముక్క రాయలేని పరిస్థితి. ఫోన్లు చేద్దామంటే గాలివానకి లైను పోయింది. మేనేజరు గారు గదిలో పచార్లు చేశారు. ఆయన వెనకే నేనూ.

ఖాతా తెరుచుకున్న రోజు ఆయన నా ముఖం చూడకుండా అన్నారు, "నువ్వు రాస్తానన్న ఉత్తరం రాయి."

ఎక్కువమంది జవాబే ఇవ్వలేదు. రోజూ తెరిచి చూడటం, రెండో మూడో రావడం. ఆ మిగిలిన జాబితా చూస్తే ఏడుపొచ్చేది. గిడ్డంగిలో బస్తాలు పేరుకుంటుంటే అటువైపు వెళ్ళడం మానేశాను. ఆ చలికాలమంతా నేను సరిగ్గా నిద్రపోయిన గుర్తు లేదు. పెద్ద అద్భుతమేమీ జరగలేదు. అయితే కావాలన్నవాళ్ళు ఉత్తరాలు చదివారు, తిరిగి రాశారు, కొన్నారు. వేసవికి గిడ్డంగి ఖాళీ అయింది, అంతకు ముందేడు అయినట్టే. తగ్గలేదు, పెరగలేదు. మేనేజరు గారు ఒకరోజు జవాబుల మెయిల్ తనే తెరిచి చదవడం చూశాను. ఆ తర్వాత అది ఆయన అలవాటైంది. పుణె ఆవిడకి క్షమించమని రాసింది కూడా ఆయనే.

దుకాణంలో పుస్తకం నింపమని చెప్పడం మానేశాం. అప్పే అడిగేది, నన్ను గుంట, అంటే పిల్ల, అంటూ తన ధోరణిలో. "ఏటి బాబూ, మా లోపలి గుంట నీకు ఉత్తరాలు రాత్తాదంట, రాయమంతావా, వద్దా?" నవ్వుతూ కొందరు సరే అనేవారు, నవ్వుతూనే కొందరు వద్దనేవారు. సరే అన్నవాళ్ళకి ముందు ఒక మెయిల్ పంపి, దానికి అవునని జవాబొస్తేనే చేర్చేదాన్ని.

మూడేళ్ళ తర్వాత ఒక పెద్ద కంపెనీ సంఘంతో ఒప్పందానికి వచ్చింది. కాఫీతోపాటు జాబితా కూడా ఇమ్మన్నారు. జాబితాలోవాళ్ళు సరే అన్నది మనకి, ఆ కంపెనీకి కాదు అన్నాను. గొడవ అవుతుందనుకుంటే, మేనేజరు గారు ఆ కంపెనీ కుర్రాడితో, "మా అమ్మాయి ఒకసారి వాళ్ళని అడుగుతుంది. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు ఇస్తాం," అన్నారు. అడిగాను. చాలామంది ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు తీసుకున్న కాగితం చూసి, "ఇంతేనా?" అని పెదవి విరిచాడు.

మరుసటి వానాకాలం నాకు విశాఖపట్నంలో వేరే ఉద్యోగం దొరికింది. అక్కడ కరెంటు పోదు, లైను తెగదు, మెయిళ్ళు లక్షల్లో వెళ్తాయి. చేరిన మొదటి వారమే జవాబులు ఎవరు చదువుతారని అడిగితే ఎవరూ చదవరన్నారు. నేను కుర్చీలోంచి లేచి కారిడార్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను.