తెలుగు లేని హెచ్చరిక

మొన్న అక్కను కంటి పరీక్షకు తీసుకెళ్తే, ఆ ఆసుపత్రి లిఫ్టు బరువెక్కువైందని, ఒకరు దిగాలని చక్కని తెలుగులో చెప్పింది. అందరికంటే ముందు అక్క దిగిపోయింది. నేనూ ఆమె వెనకే దిగాను. ఇద్దరం మెట్లెక్కి పైకెళ్లాం.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర ఒక మేడమీది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఫిషింగ్ హార్బర్‌లోని ఒక ఐసు ఫ్యాక్టరీకి, ఐసు గడ్డకట్టడానికి వాడే అమ్మోనియా అనే విషవాయువు గొట్టాల్లో ఒత్తిడిని కనిపెట్టి హెచ్చరించే ప్రోగ్రాము రాస్తున్నాం. అక్కడ షిఫ్టు ఆపరేటరు అక్క భర్తే, మా బావ. ఎలమంచిలి దగ్గర వ్యవసాయం వదిలి పట్నమొచ్చి కుదురుకున్న మనిషి. ట్రయల్ చూపించిన రోజు నన్ను పక్కకు పిలిచి, సిగ్గుపడుతూ అడిగాడు.

"నాకు ఇంగ్లీషు సదవడం రాదు బావా. తెలుగులో సెప్పేటట్టు సెయ్యగలవేటి?"

అప్పట్లో అదంత తేలిక కాదని ఆ రోజుల్లో ఈ పని చేసినవారికి తెలుసు. కోడులో ఎక్కడెక్కడో ఇరుక్కున్న సందేశాలన్నీ ఏరి వేరే ఫైల్లో పెట్టి, ఒక్కోదానికీ తెలుగు రాసి, బిల్డు తీసినప్పుడు, అంటే కస్టమరుకిచ్చే ప్రతిని తయారుచేసినప్పుడు, ఆ ఫైలూ, తెలుగు ఫాంటూ ప్రోగ్రాముతోపాటే వెళ్లేలా సెట్టింగులు మార్చాలి. లేకపోతే రాసిన తెలుగంతా మన కంప్యూటర్లోనే ఉండిపోతుంది. ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు డబ్బాలు పడి, నానా తంటాలూ పడ్డాక, అమ్మోనియా లీకవుతోంది, బయటికి వెళ్లండి అన్న మాట తెరమీద కుదురుగా నిలబడింది.

మా యజమాని మాత్రం, కస్టమరు అడగని దానికోసం ఆలస్యం చేయలేనని, తర్వాతి వెర్షన్లో చూద్దామని, నేనెంత వాదించినా వినకుండా, సెట్టింగుల్లో తెలుగు ఫైలును కలిపే లైను తనే తీసేసి బిల్డు పంపించాడు. ఆ సంగతి చెబితే బావ, పోన్లే, అలవాటైపోతాదిలే అన్నాడు.

ఐసుకోసం పడవలవాళ్లు గుమిగూడిన ఒక వేకువన గొట్టం పగిలింది. కూలీలు బయటపడ్డారు. గొట్టాలున్న కంప్రెసరు గదిలోకి వెళ్లిన బావ అక్కడే పడిపోయాడు. వార్డులో ఊపిరందక, మాట మాటకీ ఆగుతూ నాతో చెప్పాడు.

"తెరమీద ఎర్రగా ఏటో పడింది బావా. రోజూ పడేదే అనుకుని నొక్కేసి లోపలికెల్లిపోనాను."

తప్పంతా తనదే అన్నట్టు చెప్పాడు. ఆ వారం గడవకుండానే పోయాడు.

కర్మకాండలయ్యాక ఆఫీసుకెళ్తే, యజమాని తలెత్తకుండా, తెలుగుతో బిల్డు తీయమన్నాడు. తీసేసిన లైను మళ్లీ రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఫ్యాక్టరీలో పెట్టడానికి నేనే వెళ్లాను. బావ కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి తెరమీది తెలుగును గడగడా చదివి, బాగుంది సార్ అన్నాడు.

ఇప్పుడు ఎవరూ అడగక్కర్లేకుండానే యంత్రాలన్నీ మన భాష మాట్లాడుతున్నాయి. సంతోషించాల్సిన సంగతే, కానీ ఇదే ఆనాడు మా యజమానికి అవసరంగా తోచలేదే అన్న బాధ పోదు.