చివరి బెల్ తర్వాత

గుంటూరులో పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పిన నళిని, ఇప్పుడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌కు సహాయకురాలు. షూ లేసులు కట్టడం దగ్గర్నుంచి హోమ్‌వర్క్ దిద్దడం దాకా అన్నీ ఆమె పనే.

కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక, ప్రభుత్వం పరాయి ఇళ్లలో ఉంచే ఫాస్టర్ కేర్‌లో ఇల్లిల్లూ తిరిగి, చివరికి దత్తత వెళ్లిన పిల్లల కోసం ఆ ఏడు స్కూలుకు అదనపు నిధులొచ్చాయి. తొమ్మిదేళ్ల డెలేనికి వాటినెలా వాడాలో చెప్పమని ప్రిన్సిపాల్ నళినినే అడిగింది. డెలేనిని పెంచుకుంటున్నది పద్మిని, కార్ల కంపెనీలో ఇంజినీరు. ఇద్దరు తెలుగువాళ్లు కూర్చుంటే ఇంకేం తేలుతుంది? స్కూలయ్యాక రోజూ గంట ట్యూషన్.

మూడు వారాలు తిరక్కుండానే డెలేని రెండుసార్లు పార్కింగ్ లాట్ దాటి రోడ్డు మీదకు పరిగెత్తింది.

"మూడోసారి జరిగితే వేరే స్కూలుకు పంపాల్సిందే," అంది ప్రిన్సిపాల్. డెలేనికి ఇది అప్పటికే ఆరో స్కూలు.

మర్నాడు ట్యూషన్‌లో ఆ పిల్ల కోటు విప్పలేదు, భుజాన బ్యాగు దించలేదు.

"లెక్కలు కష్టంగా ఉన్నాయా?" అడిగింది నళిని.

"ఈజీ."

"మరెందుకు పారిపోతున్నావు?"

డెలేని కిటికీలోంచి, కదులుతున్న ఆఖరి బస్సును చూసింది. "ఇల్లు మార్చేటప్పుడల్లా ఇలాగే చెప్పేవాళ్లు ఆంటీ. బెల్ అయ్యాక ఉండు అని. అందరూ వెళ్లిపోయాక ఎవరో ఆవిడ వచ్చేది. కార్లో నా బట్టలు అప్పటికే ఉండేవి."

మూడు వారాలుగా తను రోజూ చెబుతున్నదీ ఆ మాటే. నళిని పుస్తకం మూసేసింది.

నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి తప్పు తనదేనంది. ట్యూషన్ పొద్దున్నకు మార్చి, చివరి బెల్‌కి డెలేనిని అందరికంటే ముందు బయటికి తీసుకెళ్లి, అమ్మ కారు వచ్చేదాకా పక్కన నిలబడతానంది.

"నిధుల ఫారంలో ఏం రాయను? నిలబడటం అనా?"

"అదే రాయండి."

పద్మిని ఫోన్లో నవ్వింది. "నిలబడ్డానికి లెక్కల లెక్చరరా నళినిగారూ? మా ఆఫీసులో ఇలాంటి పోస్టుంటే నేనే అప్లై చేసేదాన్ని." తర్వాత గొంతు తగ్గించి అంది: "మీటింగులు మార్చుకుంటానండీ. బెల్ టైముకి అక్కడుంటాను."

అన్నట్టే రోజూ టైముకి వచ్చింది, జనవరిలో మంచు పడ్డ ఒక్కరోజు తప్ప. ఆ రోజు కార్లన్నీ వెళ్లిపోయాయి, బస్సులూ వెళ్లిపోయాయి. డెలేని రోడ్డువైపు చూసింది. నళిని ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేదు, వచ్చేస్తుందిలే అని సర్దిచెప్పనూ లేదు. పక్కన నిలబడింది, అంతే. కాసేపటికి ఆ పిల్ల బ్యాగు తీసి బెంచీ మీద పెట్టింది.

"తొమ్మిది నిమిషాలు లేట్," అని గదిమింది, పద్మిని కారు తలుపు తీయగానే.

"సారీ మేడమ్," అంది పద్మిని.

కారు కదిలింది. నళిని వెనక్కి తిరిగి చూస్తే బ్యాగు బెంచీ మీదే ఉంది. దాన్ని పట్టుకుని మంచులో జారుతూ కారు వెనక పరిగెత్తింది.