వచ్చినాడనీ చెప్పను, రాలేదనీ చెప్పను

మొన్న ఆదివారం పొద్దున మా నాయన ఫోన్ చేసి, "అత్త పోయింది పాపా" అన్నాడు. నిద్రలోనే పోయిందని తరువాత తెలిసింది. ఆమె మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. తమిళనాడులోని మా ధర్మపురిలో, బస్టాండుకు కొంచెం ఎడంగా, ఒక మిద్దె మీది చిన్న గదిలో చానా ఏండ్లు కౌన్సెలింగ్ చేసింది. మనసు బాగలేనివాళ్ళు వచ్చి మాట్లాడిపోయే గది అది.

మా ఊర్లో వీధిలోకి వస్తే అందరమూ తమిళమే. తెలుగు గడప లోపలిది. ఏడుపు కూడా ఆ భాషలోనే వస్తుంది కాబట్టి, అదియమాన్‌కోట్టై పక్కన పల్లెల్లోని తెలుగు కుటుంబాలవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. చిక్కంతా అక్కడే. మావాళ్ళలో ఎవరిని కదిలించినా ఎవరికో ఒకరికి చుట్టమే.

అత్త బజారులో ఎవరినీ తాను ముందు పలకరించేది కాదు. గర్వమని పేరొచ్చింది. నేను అడిగితే, "నేను పలకరిస్తే, ఆమె ఎవురని పక్కనున్నోళ్ళు అడుగుతారు. వాళ్ళేం చెప్పుకోవాల?" అనింది. ఒకరోజు ఆమె కోసం మెట్ల కింద కాచుకొని ఉంటే, వత్తల్‌మలై కొండ వైపు మనుషులు ఒక పెద్ద పనసపండు మోసుకొని పైకి పోయినారు. కాసేపటికి కోసిన పండుతోనే కిందికి దిగినారు. అత్త ఒక్క తొన తిని మిగతాది వాళ్ళకే ఇచ్చేసినట్టుంది. ఎవరని నేను అడగలేదు. అడిగినా చెప్పదు.

మా ఇంట్లో పెళ్ళి సంబంధాల మాట వస్తే లేచి వంటింట్లోకి పోయేది. అక్క సంబంధమప్పుడూ అంతే, చిన్నాయన కొడుకు సంబంధమప్పుడూ అంతే. "పెళ్ళి మాటల్లో నన్ను కలపద్దండి" అనేది. ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు. అన్నిటికీ మాట్లాడి, ఏదో ఒక సంబంధానికి మాత్రం నోరు మూసుకుంటే, ఆ మూసుకోవడమే జవాబైపోతుంది కదా.

నాకు సంబంధం వచ్చినప్పుడు, ఆ పిల్లోడికి కాలేజీలో ఏదో మనసు జబ్బు చేసిందని నాయన చెవిన పడింది. నన్ను వెంటబెట్టుకొని అత్త ఇంటికి పోయినాడు. ఆమె వసారాలో చింతపండు గింజలు తీస్తా ఉంది.

"ఆ పిల్లోడు నీ దగ్గరికి వచ్చినాడా? ఒక్క మాట చెప్పు చాలు."

"వచ్చినాడనీ చెప్పను, రాలేదనీ చెప్పను అన్నా. ఎవురి గురించి అడిగినా ఇంతే."

"ఇది నీ అన్న బిడ్డ!"

"నా బిడ్డే." ఆమె చేతులు ఆగినాయి. నా వైపు తిరిగి, "పాపా, నీతో బతకబోయే మనిషి ఉండాడు కదా, ఏం అడగాలన్నా అతన్నే అడుగు. అడగకుండా తాళికి తల వంచద్దు" అనింది.

నాయన మంచినీళ్ళు కూడా తాగకుండా లేచినాడు. ఆ తరువాత చానా కాలం చెల్లెలితో మాట్లాడలేదు. నా పెళ్ళిలో కూడా.

నేను అడిగినాను. రెండు కుటుంబాలూ హొగేనక్కల్ జలపాతం చూడను పోయినప్పుడు, పెద్దవాళ్ళు చేపలు వేయించే అంగడి దగ్గర నిలబడితే, ఆ పిల్లోడూ నేనూ నీళ్ళ పక్కకు పోయినాము. తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించినాడు. కాలేజీలో ఒకసారి చచ్చిపోవాలనుకున్నాడట. ఆ తరువాత మా అత్త దగ్గరికే పోతుండినాడట. సంబంధం వచ్చిందని నా పేరు చెప్పిన రోజే ఆమె, "ఆ అమ్మాయి నా మేనకోడలు. ఇంక నేను నీకు కౌన్సెలింగ్ చెయ్యకూడదు" అని సేలంలో వేరే ఆయన దగ్గరికి పంపించిందట.

"నీకు చెప్పాలా అని ఆమెను అడిగినాను," అన్నాడు. "నీ సంగతి నీది, నేను మాత్రం ఎప్పటికీ చెప్పను అనింది."

"ఇప్పుడెట్లుంది?" అన్నాను.

"ఇప్పుడు నిద్ర పడుతుంది."

ఆ మనిషినే పెళ్ళి చేసుకున్నాను. ఇదంతా రాయమన్నదీ ఆయనే. పెళ్ళయ్యాక అత్త ఆయనతో వానల గురించి, రాగి పంట గురించి మాట్లాడేది, అంతే. ఆయనకు అది కొంచెం కష్టంగానే ఉండేది. కొన్నేండ్లకు ఆయనే మా నాయనకు విషయం చెప్పినాడు. నాయన విని, చొక్కా వేసుకొని, నేరుగా చెల్లెలి ఇంటికి పోయి, "అన్నం ఉందా?" అని అడిగినాడట.

పోయినేడు నేనే అడిగినాను, "ఆయన చెప్పకపోయి ఉంటే ఏం చేసేదానివి అత్తా?"

"ఆ దినాల్లో నాకు ముద్ద దిగలేదు పాపా. అయినా చెప్పుండను."

ఆ మాట నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కోపం లేదు. కానీ నాకోసం కూడా ఆమె ఆ మాట తప్పేది కాదని తెలియడం ఒక మాదిరి చలిగాలిలా తగులుతుంది. ఆమె తప్పని ఆ మాట చాటునే మా ఆయన బతికి బయటపడినాడనీ తెలుసు. ఆ రెండూ నాలో పక్కపక్కనే ఉండాయి.

అత్తను ఎత్తే ముందు వాకిట్లోకి వచ్చి చూసినాను. చుట్టాలందరూ లోపల ఉంటే, వీధిలో ఎదురుగోడ నీడన ఎవరెవరో నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన, కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి, పూలదండ పట్టుకొని ఒక నడివయసు ఆమె. ఒకరికొకరు తెలియదు. లోపలికి రారు, పోరు. నాయన వాళ్ళ దగ్గరికి పోయి ముసలాయనను, "మీదే ఊరు? మా చెల్లెలు మీకెట్ల తెలుసు?" అని అడిగినాడు. ఆయన "తెలుసు" అని తల దించుకున్నాడు.

నాయన రెండో మనిషిని అడగలేదు. పందిరి కింది కుర్చీలు తానే మోసుకుపోయి, ఆ గోడ వెంబడి, కుర్చీకీ కుర్చీకీ నడుమ ఎడం వదిలి వేసినాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.