ఆయమ్మ ముఖాన్ని శుభ్రం చేసినప్పుడు

డిగ్రీ రెండో ఏడాదిలో మా కాలేజీ పత్రికకు ఫొటోలు తీసే పని నేనే అడిగి తీసుకున్నాను. అప్పటికి కెమెరా పట్టుకుని ఎరగను. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కవితలు రాసేవాళ్లు క్లాసుకు పది మంది ఉన్నారు, ఫొటోలు తీస్తానన్నది నేనొక్కదాన్నే. పత్రిక పని చూసే తెలుగు మేడం నన్ను ఎగాదిగా చూసి, నీకు వచ్చా అని అడిగారు. వచ్చు మేడం అన్నాను. ముందు పని చేతిలో పడాలి, రావడానికి ఎంతసేపు? నా పద్ధతి ఇప్పటికీ అదే.

లాల్‌దర్వాజాలో మా సందు చివర ఒక ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో నడిపే అన్న ఇంటికి పాలు పోసేది మా నాన్నే. ఆ చనువుతో వెళ్లి కెమెరా అడిగాను. సాయంత్రాలు వచ్చి పాస్‌పోర్టు ఫొటోలు చేసిపెట్టు, నాకు పనిలేని రోజు కెమెరా పట్టుకుపో అన్నాడు. నెల తిరిగేసరికి షట్టరు వేగం, వెలుతురు లెక్కలు నోటికొచ్చేశాయి. మనిషిని తర్వాత చూడు, వెలుతురు ఎటునుంచి వస్తుందో ముందు చూడు అని రోజూ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు. కంప్యూటర్‌లో వెనక గోడను తెల్లగా మార్చడం, చెదిరిన జుట్టు సర్దడం, మెడ కింద కోటు అతికించడం కూడా వచ్చేశాయి. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఒకే ఒక నల్ల కోటు. సైదాబాద్ నుంచి కంచన్‌బాగ్ దాకా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టిన వాళ్లంతా ఆ కోటులోనే ఇంటర్వ్యూలకు పోయారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కీబోర్డు మీది ఎఫ్‌టూ మీట. వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది అడిగేది ఒకటే, జర తెల్లగ చెయ్యమని. ఆ పోరు పడలేక స్టూడియో అన్న ఆ పనంతా ఒక్క మీటకు అప్పజెప్పాడు. అది నొక్కితే ముఖంలో పసుపు ఛాయ తగ్గుతుంది, మచ్చలు పోతాయి, చర్మం నున్నగా అవుతుంది, పాత ఫొటో మీదే కొత్తది సేవ్ అయిపోతుంది. రోజుకు ముప్పై ముఖాలు అలా చేసి చేసి, ఫొటో తెర మీద కనబడగానే నా వేలు దానంతటదే ఎఫ్‌టూ మీదికి పోయేది.

ఆ ఏడాది పత్రిక ముఖచిత్రంగా మా ఆయమ్మను వేద్దామన్నది నా ఆలోచనే. కాలేజీ గదులు ఊడ్చేది, ల్యాబు సామాను కడిగేది, స్టాఫ్‌రూమ్‌లో టీలు అందించేది ఆమే. గ్రూపు ఫొటో దిగిన ప్రతిసారీ కుర్చీలు వరసగా వేసి, నవ్వుండ్రి బిడ్డా అని పక్కకు జరిగేది. అన్నేళ్ల ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఆ ఏడాదితో రిటైర్ అవుతోంది. ఈసారన్నా ఆమె పత్రికలో ఉండాలని నేను పట్టుబట్టాను, మేడం సరేనన్నారు. ఆయమ్మ మాత్రం ముందు సిగ్గుపడింది, తర్వాత బస్తీ అంతా చెప్పుకుంది. పుస్తకం ఎప్పుడొస్తది అని నన్ను కనబడ్డప్పుడల్లా అడిగేది.

బోనాల ఆదివారం ఆమె అమ్మవారికి బోనం ఎత్తింది. ముఖమంతా పసుపు, తల మీద వేపరొట్టలు కట్టిన కుండ, దాని మీద దీపం, ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుని గుంపులోంచి నడిచొస్తోంది. ఎదురుగా వెనక్కి నడుస్తూ తీశాను, ఇద్దరి కాళ్లు తొక్కాను, తిట్లు తిన్నాను. ఒక ఫొటో మాత్రం అదిరిపోయింది. అంత మంచి ఫొటో ఆ సందులో ఇంకెవరూ తీసి ఉండరని నాకు అప్పుడే తెలుసు.

మర్నాడు స్టూడియోలో ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అన్నకు ఒక వలీమా పెళ్లివిందు ఫొటోలు తీసే పని ఉండి, కెమెరాలోని కార్డు ఖాళీ చేసి పట్టుకుపోయాడు. నేను ఒక్కో ఫొటో తెరిచి ఎఫ్‌టూ నొక్కాను. ఏ ఆలోచనా లేదు, ఇంటికి రాగానే చెప్పులు విప్పినట్టు నొక్కాను. ఆ మంచి ఫొటోను ప్రెస్సుకు పంపాను.

ఛత్తాబజార్ ప్రెస్సు నుంచి అట్ట నమూనా వచ్చింది. మేడం బాగుందన్నారు, క్లాసంతా బాగుందన్నారు. నేను తల ఎగరేసుకుంటూ ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరు బిడ్డా ఈమె? మంచిగున్నది," అన్నది.

అప్పుడు చూశాను. బోనం ఉంది, దీపం ఉంది, ముఖాన పసుపు లేదు. బోనమెత్తిన మనిషి ముఖం మీది పసుపును కామెర్లో, పాడు లైటో అయినట్టు తుడిచేశాను. అదీ లాల్‌దర్వాజాలో పుట్టి, ఏటా అమ్మ పక్కన బోనంతో నడిచిన నేను. సిగ్గుతో చచ్చిపోయాను. పొరపాటున వేరే కాయితం తెచ్చానని ఆయమ్మకు అబద్ధం చెప్పి స్టూడియోకు పరుగెత్తాను. పాతవాటి మీదే కొత్తవి సేవ్ అయిపోయాయి, కార్డు ఎప్పుడో ఖాళీ అయింది, అసలు ఫొటో ఎక్కడా లేదు.

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడు అన్న. "మీదికెంచి పసుపు కొట్టు. ఎవనికి తెలుస్తది?"

కొట్టాను. రెండు సాయంత్రాలు కూర్చుని, చెంపకు ఒక రంగు, ముక్కు నీడకు ఒక రంగు, చెవుల దగ్గర పలుచగా, బొట్టు చుట్టూ చిక్కగా. నిజం చెప్పాలంటే చాలా బాగా కుదిరింది. అన్నకే తేడా తెలియలేదు. ఆ ధీమాతో ఆయమ్మకు ఫోన్‌లో చూపించాను. ఆమె ఈసారి నవ్వింది, దగ్గరికి పెట్టుకుని చూసింది. నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"పసుపు మంచిగనే పూసినవ్. నా మచ్చలేవి?"

ఆమె ముఖం నిండా మశూచి మచ్చలున్నాయి. రోజూ చూసే ముఖమే, అవి పోయాయని నాకు తట్టనే లేదు. మా దగ్గర ఆ జబ్బును తల్లి పోసిందంటారు.

"చిన్నప్పుడు నాకు తల్లి పోసింది," అన్నది. "నాతోని పడ్డోళ్లు ఇద్దరు పోయిన్రు, నేను బతికిన. మా అమ్మ మొక్కింది, పిల్ల బతికితె ఏటేటా బోనం ఎత్తుతదని. గా మచ్చలకే బిడ్డా నేను బోనమెత్తేది. అవి తీసేస్తె ఇంక బోనమెందుకు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఏం జరిగిందో దాచకుండా చెప్పేశాను, ఎఫ్‌టూతో సహా. మళ్లీ ఒకసారి బోనంతో నిలబడతావా అని కూడా అడిగాను. అది తల్లికి ఎత్తేది, కెమెరాకు ఎత్తేది కాదు అన్నది. పోనీలే, నా ఫొటో వద్దులే అని కూడా అన్నది. ఆ మాటకు నేను ఒప్పుకోలేదు.

మేడం దగ్గరికెళ్లి అట్ట ఆపమన్నాను. అచ్చుకు మూడు రోజులే ఉన్నాయి, ఉన్న ఫొటో బాగానే ఉంది, ఎవరూ గుర్తుపట్టరు అన్నారు. అదే కదా మేడం, ఎవరూ గుర్తుపట్టరు, ఆయమ్మతో సహా అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయ్యింది. ఆవిడ పెన్ను మూసి, రేపటిలోగా ఇవ్వు అన్నారు.

పొద్దున్నే ఆయమ్మను ల్యాబు బయట వరండాలో నిలబెట్టాను. బోనం లేదు, పసుపు లేదు, రోజూ కట్టుకునే చీర. ముఖం మీది గుంటలు కనబడకుండా ఉండాలంటే లైటు ఎదురుగా పెట్టాలని స్టూడియోలో నేర్చుకున్నాను. ఇప్పుడు అవి కనబడాలి, అందుకని ఎండ సరిగ్గా పక్కనుంచి పడేలా ఆమెను తిప్పాను. ప్రతి మచ్చకూ దాని నీడ వచ్చింది. నవ్వమనలేదు. నాలుగే తీశాను, కావలసింది మూడోదాంట్లో పడింది. కంప్యూటర్‌లో అంచులు కత్తిరించడం తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఇంత స్పష్టంగా ఉండాలా అని మేడం ఒక్కసారే అడిగారు. ఉండాలి అన్నాను.

పత్రికలు కట్టలుగా వచ్చిన రోజు మొదటి కాపీ తీసి ఆయమ్మ చేతిలో పెట్టాను. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్లజోడు సర్దుకుని, అట్ట మీద వేలు పెట్టింది. నుదుటి నుంచి మొదలుపెట్టి, చెంపల మీదుగా, గడ్డం దాకా ఒక్కొక్క మచ్చనే తడుముతూ వచ్చింది. ఆ వేలు ఎక్కడన్నా ఆగుతుందేమోనని నేను దాని వెంటే చూస్తూ వచ్చాను.

"అన్నీ ఉన్నయ్ బిడ్డా," అన్నది.