గుమ్మం ఎత్తు

చెక్క దూలం మీద పెన్సిలుతో గీత గీసి, మళ్ళీ రెండుసార్లు టేపు పట్టి చూసుకుంది కొలతమ్మ. ఆ పేరు వడ్రంగి పెట్టాడు. డిగ్రీ మూడో ఏడు చదువుతూ, ఎగుమతి సరుకు ప్యాక్ చేసే ఈ షెడ్డుకు శిక్షణకొచ్చిన మొదటి రోజే, కూర్చోమని చూపించిన బల్లను కూడా కొలిచిందని ఆయన ఆరోపణ.

ఆమె చదివేది ఇంటర్నేషనల్ బిజినెస్. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు పెద్దమ్మ, "వ్యాపారానికి డబ్బు కావాలిగానీ డిగ్రీ ఎందుకే?" అంది. మేనమామ, "విమానంలో కూర్చుని బేరాలాడతావా?" అని నవ్వాడు. అమ్మ చొక్కాలు కుట్టే యూనిట్లో పనిచేస్తుంది. కాలరు లోపల కుట్టే చీటీల మీద ఎక్కడెక్కడి దేశాల పేర్లో ఉండేవి. ఇవి అక్కడికెలా వెళ్తాయని చిన్నప్పుడు కూతురు అడిగితే, "నాకేం తెలుసు, పెట్టెలో పెట్టేదాకే నా పని" అనేది. పెట్టె మూశాక ఏం జరుగుతుందో తెలుసుకుందామనే ఈ చదువులో చేరింది.

రవాణా ఖర్చు ఎవరిది, బీమా ఎవరిది, దారిలో సరుకు పాడైతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. చివరి సెమిస్టరులో మాత్రం ఒక సరుకును కొలతల నుంచి కాగితాల దాకా సొంతంగా చూసి పంపించాలి. షెడ్డు సూపర్‌వైజరు సంతకం తేవాలి. లేకపోతే ఆ సెమిస్టరు మళ్ళీ మొదటికొస్తుంది. శిక్షణకు ఇది ఆఖరి వారం. ఆమె వంతుకు కాగితం కోసే పెద్ద యంత్రం వచ్చింది. మూడింటికి కంటెయినరు లారీ వస్తుంది.

యంత్రం ఎత్తు రెండు వందల ఎనిమిది సెంటీమీటర్లు. అడుగు దుంగలు, పైన వదిలే ఖాళీ, మూత కలిపితే పెట్టె రెండు వందల ముప్ఫై రెండు. కంటెయినరు లోపలి ఎత్తు రెండు వందల ముప్ఫై తొమ్మిదని పుస్తకంలో ఉంది. సూపర్‌వైజరు ప్లాను పైపైన చూసి సరే అన్నాడు. వడ్రంగి నిలువు దూలాలు కోసేశాడు.

పదకొండింటికి, యంత్రం చుట్టూ కూరడానికి స్పాంజి షీట్లు కావలసి, ఆమె ఆవరణలో సామాన్ల గదిగా వాడుతున్న పాత కంటెయినరులోకి వెళ్ళింది. కట్టను నిలువుగా ఎత్తుకుని వస్తుంటే, లోపల ఎక్కడా తగలనిది గుమ్మం దగ్గర పై కమ్మీకి కొట్టుకుంది. తలెత్తి చూసింది. కమ్మీ కప్పు కంటే కిందికి ఉంది.

మొదటిసారి సొంతంగా గౌను కుట్టుకున్నప్పుడు మెడ కొలత సరిగ్గానే తీసింది, తల మాత్రం పట్టలేదు. "మెడకు సరిపోతే చాలదే, ముందు తల దూరాలి" అని అమ్మ పెట్టిన చీవాట్లు గుర్తొచ్చాయి. టేపు పట్టింది. గుమ్మం రెండు వందల ఇరవై ఎనిమిది. మూడింటికి వచ్చేదీ ఈ రకమే.

"సుత్తి ఆపు బాబాయ్. తప్పు నాది," అంది వడ్రంగితో.

ఆయన అంతా విని, "ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటే విన్నాను. నీ ఏనుగు గుమ్మం బయటే ఆగేట్టుందే," అన్నాడు. "మూడేళ్ళ చదువులో తలుపు గురించి చెప్పలేదా?"

"పుస్తకంలో లోపలి ఎత్తు పక్క గడిలోనే ఉంది. నేనే చూడలేదు."

"పోనీ అడుగు దుంగలు పీకేద్దామా?"

"పీకితే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడ పట్టుకుని ఎత్తుతుంది?"

"ఊరికే అడిగాలే. తెలుసో లేదోనని."

ఆమె యంత్రం చుట్టూ తిరిగింది. దాని నెత్తిన ఒక చేతిచక్రం, నాలుగు బోల్టులు. కొలిస్తే చక్రం ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు.

సూపర్‌వైజరుకు దాచకుండా చెప్పింది. ఆయన ప్లాను కాగితం తిప్పి తిప్పి చూశాడు. "నేనూ చూసి సరే అన్నదే కదమ్మా ఇది. చక్రం తీస్తావా? తయారుచేసినవాళ్ళని అడక్కుండా బోల్టు ముట్టుకోకు."

ఫోన్ చేస్తే వాళ్ళ మెకానిక్కు, "తీయొచ్చమ్మా. బోల్టులు సంచిలో వేసి చక్రానికే కట్టు. అక్కడ బిగించేవాడు నన్ను తిట్టుకోకూడదు," అన్నాడు.

వడ్రంగి దూలాలు తగ్గించి కోస్తుంటే కదలకుండా ఆమె పట్టుకుంది. చక్రాన్ని స్పాంజిలో చుట్టి పెట్టె అడుగుకు బిగించింది. మూత పడ్డాక ఎత్తు రెండు వందల ఇరవై. తర్వాత కాగితాల పని. పెట్టె ఒకటి, కాగితం ఒకటి చెబితే కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారు. ఎత్తు, బరువు, విడిగా పెట్టిన చక్రం, అన్నీ సరిచేసి కొత్త జాబితా టైపు చేసి, పాతవి చింపేసింది.

లారీ పది నిమిషాలు ముందే వచ్చి, షెడ్డు అరుగుకు వెనక ఆనించి ఆగింది. ఆమె తిన్నగా వెళ్ళి తలుపుకు టేపు పట్టింది.

"కొనుక్కుంటావా ఏంటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"లోపలికి పోతే చాలన్నా."

ఫోర్క్‌లిఫ్ట్ పెట్టెను కాస్త ఎత్తి మెల్లగా జరిగింది. పై కమ్మీకీ మూతకూ మధ్య మూడు వేళ్ళ సందు. వడ్రంగి ఊపిరి బిగబట్టి చూశాడు, తర్వాత చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. పెట్టె లోపలికి వెళ్ళింది. కదలకుండా నాలుగు వైపులా చెక్కలు కొట్టారు.

సూపర్‌వైజరు శిక్షణ కాగితం తీసి, "రిమార్కుల్లో ఏం రాయను?" అన్నాడు.

"జరిగింది రాయండి సార్."

తప్పు ఏమిటో ఒక లైను, దిద్దుకున్నది ఒక లైను రాసి, కింద సంతకం పెట్టాడు.

తలుపు మూసి సీలు వేశాక, కొలతమ్మ దాని నంబరు జాబితాలో రాసి, కాగితాల కవరు డ్రైవరు చేతికిచ్చింది. అతను ఒక్కొక్కటీ చూసుకుని, ముట్టినట్టు సంతకం పెట్టి, లారీ ఎక్కాడు.